దేవవ్వ చేసిన కాయితం

కోరుట్ల శివారులోని కాగితం మిల్లులో దేవవ్వ ఎనిమిదేళ్లు చిత్తుకాగితాలు ఏరింది. మొన్న ఎండాకాలంలో బెల్టులో చెయ్యి ఇరుక్కుని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మిల్లువాళ్లు మాట మార్చేశారు.

"నువ్వెవరో మాకు ఎరుకనే లేదు. ఈడ పనిజేసినట్టు కాయితం ఉంటే తే," అన్నాడు మేనేజర్ సురేందర్.

మిల్లు ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వలేదు.

"కాయితమే గద! జేసుకొస్త," అని తిరిగొచ్చింది దేవవ్వ.

కూతురు కల్పన సిరిసిల్లలో లంగాలు కుట్టే షెడ్డు నుంచి నూలు పేలికలు సంచెడు తెచ్చింది. దేవవ్వ వాటిని సున్నపునీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఎడమచేత్తోనే రోట్లో దంచింది. ఆ గుజ్జును తొట్టినీళ్లలో కలిపి, దోమల జాలీ బిగించిన చట్రంతో ముంచి ఎత్తింది. మొదటి కాగితాలు చినిగిపోయాయి. తర్వాతవి చిల్లులు పడ్డాయి.

"ఇడువరాదే అవ్వా! దుకాణంల కొందాం," అని విసుక్కుంది కల్పన.

"ఇడువ."

ఆరో రోజున ఒకటి నిలిచింది. బండకింద అదిమి, ఆరబెట్టి, గంజి పూసి, గాజుసీసాతో నున్నగా రుద్దింది. మిల్లు రిజిస్టరులో తన పేరు ఎక్కించాలని దానిమీదే కల్పనతో దరఖాస్తు రాయించి, జగిత్యాల లేబర్ ఆఫీసులో ఇచ్చింది.

విచారణ రోజున అధికారి పద్మజ ముందు సురేందర్ అడ్డంగా తలూపాడు. "ఈమె మా మిల్లు గడపే తొక్కలేదు మేడం."

దేవవ్వ లేచి నిలబడింది. "తొక్కకుంటే నాకెట్ల తెలుసు? మేం పిన్నులు, ప్లాస్టిక్ ఏరేస్తం. గిర్నీల నీళ్లు వోసి గుజ్జు జేస్తరు. జాలీమీద పరిచి, రోలర్ల నడుమ పిండి, ఆవిరి డ్రమ్ములమీద ఆరబెడ్తరు. మా బెల్టుకు కవర్ ఊడి ఏడాదాయె. పోయి సూడుండ్రి!"

"గివన్నీ ఫోన్ల జూసి చెప్తరు మేడం."

"ఫోన్ల జూసి గీ కాయితం జేస్తవా నువ్వు?" దరఖాస్తును అతని ముందుకు తోసింది.

పద్మజ ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "రేపు మిల్లుకు వస్తున్నాం," అంది.

మర్నాడు బెల్టుకు కొత్త కవర్ మెరుస్తోంది. దేవవ్వను చూపించి, "ఈమె మీకు తెలుసా?" అని పద్మజ అడిగితే చిత్తుకాగితాలు ఏరే ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు.

అప్పుడు వాళ్లలోంచి రాధ లేచింది. "ఎందుకు తెల్వది? మా దేవవ్వ. వేళ్లు తెగిననాడు నా కొంగే చింపి కట్టిన. గా కవర్ నిన్న రాత్రే బిగించిండ్రు."

ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు.

పద్మజ ఆదేశంతో ఆ పూటే దేవవ్వ పేరు, తక్కిన ఆడవాళ్లందరి పేర్లు మిల్లు రిజిస్టరుకెక్కాయి. సురేందర్ ఆమె మొహం చూడకుండా, "చెయ్యి నయమైనంక పనికి రా," అని గొణిగాడు.

"అస్త. అందరికీ గ్లౌజులు తెచ్చిపెట్టు," అంది దేవవ్వ.