స్కిప్పమ్మ చెప్పని మాటలు

చెక్క కోసే మిషను పక్కన ఏళ్లకేళ్లు నిలబడితే ఏమవుతుందో ఆ వడ్రంగిని చూస్తే తెలుస్తుంది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మాత్రం దగ్గరకెళ్లి గట్టిగా చెబితే వినిపిస్తుంది. చెవిలో పెట్టుకునే మిషనొకటి కొన్నాడు గానీ, అస్తమానం ఈల వేస్తోందని విసుక్కుని మేకుల డబ్బాలో పడేశాడు. అప్పటినుంచి ఆ ఎడమ చెవికి కూతురే దిక్కు.

కొట్టుకు వచ్చినవాళ్లు ఏం చెప్పాలన్నా ఆమెతోనే చెప్పాలి. ఆమె తండ్రి భుజం మీద చెయ్యేసి, వంగి, చెవిలో వేస్తుంది. అయితే అంతా వేయదు. ఒకావిడ సొరుగుల బల్ల కావాలని వచ్చి, పాత బల్ల ఎలా విరిగింది, విరగ్గొట్టిన మరిది ఎలాంటివాడు, ఆ మరిదికి పిల్లనిచ్చినవాళ్లు ఎంత అమాయకులు, అంతా ఏకరువు పెట్టింది. కూతురు మాత్రం, "మూడు సొరుగులు, నాన్నా" అంది.

"అంతసేపు మాట్లాడింది కదే?"

"ఏం లేదు నాన్నా, స్కిప్ చెయ్."

ఆ స్కిప్ అనే మాట ఆమె నాలుక మీద కాపురం పెట్టింది. సినిమాలో పాటలు స్కిప్, పుస్తకంలో వర్ణనలు స్కిప్, ఫోన్లో మేనత్త మోకాళ్ల నొప్పులు స్కిప్. ఆమెకు చిన్నప్పుడే స్కిప్పమ్మ అని పేరు పెట్టినవాడు బాబాయి. "మా స్కిప్పమ్మ కథ చెబితే రాజుగారు పుట్టీ పుట్టగానే పెళ్లి పీటల మీద కూర్చుంటారు" అని నలుగురి ముందూ ఆటపట్టించేవాడు. ఆమెకు ఆ పేరంటే గొప్పగానే ఉండేది.

ఆ కొట్టు అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టింది. చిత్రిక పట్టడం, బిగించడం అన్న పని. మిషను నడపడం తమ్ముడి పని. ఒకరోజు తమ్ముడు చెప్పాపెట్టకుండా పెద్ద ఫర్నిచర్ కంపెనీలో చేరిపోయాడు. "ఈ చెక్కపొట్టులో పడి నేను ముసలాణ్ణి కాలేను" అన్నాడట. ఆ మాట అన్నకు తగలకూడని చోట తగిలింది. ఇంకో మనిషిని పెట్టుకోకుండా మిషను కూడా తనే నడిపాడు. పంతం నెగ్గింది, చెవులు పోయాయి. ఇద్దరికీ మాటల్లేవు. కానీ అన్న భోజనం దగ్గర కూర్చున్నప్పుడల్లా, "వాడంతట వాడొచ్చి ఒక్క మాటంటే చాలే. అంతకన్నా నాకేం వద్దు" అనేవాడు. కూతురికి ఆ సంగతి బాగా తెలుసు.

తెలిసీ చేసిందే, అదీ బాధ.

బాబాయి ఒక మధ్యాహ్నం వచ్చాడు. బడి బెంచీలు లారీకెక్కిస్తున్నారు. డ్రైవరు తొందరపెడుతున్నాడు. మూడు సొరుగులావిడ రంగు నచ్చలేదని మళ్లీ వచ్చి కూర్చుంది. బాబాయి గోడకు ఆనించిన చెక్క అంచు నిమురుతూ, అన్న మొహంలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎక్కడో చిన్నప్పటి నుంచి ఎత్తుకున్నాడు. అది ఒక పట్టాన తెమిలేలా లేదు. ఇన్నాళ్లూ నాన్న చెవులేమైపోయాయో పట్టని మనిషి ఇవాళ తీరిగ్గా సోది చెబుతున్నాడని ఆమెకు ఒళ్లు మండింది. ఒక చెవి బాబాయి వైపు, ఒక చెవి లారీ వైపు పెట్టి నిలబడింది.

"ఏమంటున్నాడే?" అన్నాడు తండ్రి. చేతిలో చిత్రిక ఆగిపోయి ఉంది.

"బాగున్నావా అంటున్నాడు నాన్నా."

"ఇంకా? పెదాలు ఆగకుండా ఆడుతున్నాయి?"

"ఏం లేదు నాన్నా. పాత సంగతులు. స్కిప్ చెయ్."

తండ్రి మొహం వాడిపోయింది. కాసేపు తమ్ముణ్ణి చూసి, మళ్లీ చెక్క మీదకు వంగాడు. "పని తెమిలాక మాట్లాడదామను. కాసేపు కూర్చోమను."

"పనుందట బాబాయ్" అంది ఆమె. కాసేపు కూర్చోమన్న సగం ఎగిరిపోయింది. బాబాయి వెళ్లిపోయాడు. సాయంత్రం తీరిగ్గా నాన్నకు చెబుదాంలే అనుకుంది. సాయంత్రం వేరే పని తగిలింది. తర్వాత అసలు గుర్తే లేదు.

పిన్ని ఫోన్ చేసేసరికి బాబాయికి పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి ఇంటికి కూడా తెచ్చేశారు. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఎడం చేత్తో రాయించి చూశారు గానీ, అక్షరాలు కూడా అందడం లేదు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం తెలుస్తుంది.

తండ్రీ కూతుళ్లు వెళ్లి మంచం పక్కన కిందే కూర్చున్నారు. పిన్ని కుర్చీ కూడా చూపించలేదు.

"ఇప్పుడొచ్చారా బావగారూ? ఆయన మీ కొట్టుకొచ్చి అన్నీ చెప్పుకున్నారట కదా. అంతా విని, పనుంది పొమ్మన్నారట. ఆ రోజు నుంచి సరిగ్గా ముద్ద దిగలేదు ఆయనకి. అన్నయ్య మనసు రాయైపోయిందని ఒకటే కుమిలిపోయారు."

వడ్రంగి ఎడమ చెవి కూతురి వైపు తిప్పాడు. "ఏమంటోందే మీ పిన్ని?"

ఏం లేదు నాన్నా అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పిన్ని అన్నది అన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా తండ్రి చెవిలో వేసింది.

"అన్నీ చెప్పాడా? నాకా?" అన్నాడు తండ్రి. "ఏం చెప్పాడు?"

ఆ మాటలు విన్న మనిషి ఆమె ఒక్కతే. చెప్పినవాడికి నోరు లేదు, వినాల్సినవాడికి చెవి లేదు. చెబుదామని నోరు తెరిచింది. ఏముంది చెప్పడానికి? దాటేయాలనుకున్న మాటల్ని, చెవిన పడ్డ ఒకటి రెండు ముక్కలు తప్ప, ఆమె విననే లేదు.

"మిషను గురించి, నాన్నా. నా వంతు కూడా నువ్వే నడిపావు, నీ చెవులు నా వల్లే పోయాయి అన్నాడు. అలాగే కదా బాబాయ్?"

బాబాయి తలూపాడు. కంట్లోంచి నీళ్లు చెవి మీదుగా జారాయి. తండ్రి పెదవి బిగించాడు.

"ఇంకా?"

"ఏదో కిటికీ అన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఏదో కిటికీ చేశారా బాబాయ్?"

తల అడ్డంగా ఊగింది.

"కిటికీలోంచి పడ్డారా? మన కొట్టు కిటికీయా? నువ్వు అక్కడికొచ్చి చూసి వెళ్లేవాడివా?"

అన్నిటికీ కాదు. బాబాయి ఎడం చెయ్యి పైకెత్తి ఆమెనే చూపించాడు, నీకు చెప్పాను కదా అన్నట్టు. స్కిప్పమ్మకు ఏడుపొచ్చింది. "నేను సరిగ్గా వినలేదు బాబాయ్. నాన్నకి చెప్పనే లేదు. కూర్చోమన్నాడు నిన్ను, అదీ నీకు చెప్పలేదు" అంది. అదే మాట తండ్రి చెవిలోనూ వేసింది.

బాబాయి కళ్లు మూసుకున్నాడు. తండ్రి లేచి, మంచం మీదకు వంగి, ఎడమ చెవిని తీసుకెళ్లి తమ్ముడి నోటి దగ్గర పెట్టాడు. బాబాయి పెదాలు కదిలాయి. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. తండ్రి అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమంటున్నాడే?"

"ఏం లేదు నాన్నా."

తండ్రి తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. "నిజంగా ఏం లేదా," అన్నాడు, "స్కిప్ చేస్తున్నావా?"