చెర్రీ చెట్టు కింద ఇంకిన నీళ్లు

వంటింటి బల్ల మీద కంచం పెట్టడానికి చోటు లేదు. ఒక చివర రుమేనియా రైళ్ల వేళలు, మధ్యలో హంగేరీ, కిటికీ వైపు ఆస్ట్రియా కాగితాలు పరుచుకుని ఉన్నాయి. ఇంట్లోవాళ్లు గిన్నెలు ఒళ్లో పెట్టుకుని రొట్టె, మిరపపండ్ల పచ్చడి తింటున్నారు. నెవేనా తిండి మానేసి బుకారెస్ట్‌లో బండి ఎలా మారాలా అని తల పట్టుకుంది.

“మన బండి ఆలస్యమైతే అవతలి బండి వెళ్లిపోతుంది. పొద్దుటి బండికే పోదాం. స్టేషన్లో పడిగాపులు పడ్డా ఫరవాలేదు” అంది భర్త కాలోయన్‌తో.

“మా కోడలు పెళ్లప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు” అంది అత్తగారు దోనా.

“ఆలోచించి ఉంటే ఈ ఇంటికి వచ్చేదాన్నా అత్తయ్యా?”

చిన్నారి బిల్యానా కిలకిలా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది, పెదాలు నీలంగా మారాయి. నెవేనా వీపు రాస్తూ కూర్చుంది. పిల్ల ఊపిరి అందుకునేదాకా ఎవరూ ముద్ద మింగలేదు.

పిల్ల గుండెలో కవాటం పాడైంది. వియన్నాలో ఒక డాక్టరు ఆపరేషన్ చేస్తానని రోజు ఇచ్చాడు. ఆ రోజు తప్పితే మళ్లీ ఆకులు రాలే కాలానికి గాని కుదరదు. అప్పటిదాకా పిల్ల ఆగదని రూసే పట్నంలో డాక్టరు చెప్పేశాడు. ఈ గుండెతో విమానం ఎక్కించొద్దని కూడా చెప్పాడు. అందుకే ఈ రైళ్ల తంటా.

దారి ఖాయమయ్యాక దోనా రాగి చెంబు తీసింది. ప్రయాణమయ్యేవాళ్ల ముందు నీళ్లు పోయడం ఊరంతా చేసేదే, దారి నీళ్లలా సాఫీగా సాగాలని. ఈ ఇంట్లో మాత్రం టికెట్టు కొనకముందే ఒకసారి పోసి చూసుకుంటారు. గడప మీద నిలబడ్డవాళ్ల పాదాల దగ్గర నుంచి మనిషికో పాయ బయలుదేరుతుంది. గేటు దాటి వీధిలోకి పోయి, తిరిగొచ్చి గడప తడిపితే ఆ మనిషి క్షేమంగా తిరిగొస్తాడు. దోనా భర్త గనుల పనికి పోయిన ఏడు ఆయన పాయ తిరిగి రాలేదు. ఆయనా రాలేదు.

ముగ్గురూ వరసగా నిలబడ్డారు, మధ్యలో పిల్ల. దోనా చెంబు వంచింది. నెవేనా పాయ, కాలోయన్ పాయ వీధిలోకి పోయి తిరిగొచ్చాయి. బిల్యానా పాయ గేటు పక్కన చెర్రీ చెట్టు దాకా వెళ్లి భూమిలో ఇంకిపోయింది.

“దారి మారుద్దాం. బెల్‌గ్రేడ్ మీదుగా వెళ్దాం” అన్నాడు కాలోయన్.

నెవేనా మళ్లీ కాగితాలు ముందేసుకుంది. బెల్‌గ్రేడ్ మీదుగా కుదిర్చింది. నీళ్లు పోశారు, చెర్రీ చెట్టు దగ్గరే ఇంకాయి. సోఫియా మీదుగా కుదిర్చింది. ఒక రోజు ముందు బయలుదేరేలా మార్చింది. ఎన్ని మార్చినా పిల్ల నీళ్లు ఆ చెట్టు దాటలేదు. పిల్ల కంటపడకుండా కాలోయన్ ఆ తడి మీద మట్టి కప్పాడు.

“వెళ్లడం మానేస్తే?” అంది నెవేనా, పిల్ల నిద్రపోతున్నప్పుడు.

“దాని పెదాలు చూశావుగా. మానేస్తే బతుకుతుందా?” అంది దోనా. కాసేపు చెంబును గుడ్డతో తుడుస్తూ కూర్చుని, “నాకూ ఒక టికెట్టు తియ్యి” అంది.

“మీ నడుముతో అంత దూరం కూర్చోలేరు అత్తయ్యా.”

“కూర్చోమన్నదెవరే? పడుకునే పెట్టె అన్నావు కదా, పడుకుంటాను.”

బయలుదేరే పొద్దున దోనా చెంబు పక్కింటి వేస్కా చేతికిచ్చింది. ఎప్పుడూ నీళ్లు పోసే మనిషి ఆ రోజు బూట్లు విప్పి, ఉత్తపాదాలతో గడప మధ్యలో పిల్ల నిలబడాల్సిన చోట నిలబడింది.

“ఒరేయ్, పిల్లని భుజాన ఎక్కించుకో. కాలు గడపకి తగలనివ్వకు.”

“మరి దానికి నీళ్లు?” అన్నాడు కాలోయన్.

“పోస్తేనే గదరా ఇంకిపోయేది?”

నెవేనాకు అంతా అర్థమైంది. వద్దు అత్తయ్యా అనడానికి సమయం ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ భర్త భుజం మీద పిల్ల కాళ్లు ఊపుతోంది. నెవేనా తలవంచుకుని పిల్ల మేజోళ్లు పైకి లాగింది, అవి సరిగానే ఉన్నా.

వేస్కా చెంబు వంచింది. నెవేనా పాయ వీధిలోకి పోయి తిరిగొచ్చింది. కాలోయన్ పాయ గేటు దాటీ దాటగానే వెనక్కి మళ్లింది. దోనా పాయ చెర్రీ చెట్టు కింద ఇంకింది.

“పదండి, బండి మన కోసం ఆగదు” అంది దోనా, బూట్లు తొడుక్కుంటూ.

బుకారెస్ట్‌లో బండి దొరికింది. నెవేనా ప్లానులో ఒక్క తప్పు లేదు. దోనా దారి పొడుగునా పిల్లకి జున్ను రొట్టె తినిపిస్తూ, కోడలు ప్రతి స్టేషన్‌కీ కిటికీలోంచి తొంగిచూడడం మీద జోకులు వేసింది. “మీ అమ్మ చూడకపోతే డ్రైవరు దారి తప్పుతాడు” అంది. నెవేనా నవ్వబోయింది. ఏడుపు ఆపుకోలేక పెట్టె నడవలోకి వెళ్లి నిలబడింది.

తెల్లవారాక సరిహద్దు స్టేషన్లో పోలీసులు పాస్‌పోర్టులు అడిగారు. దోనా గోడకి ఆనుకుని ఉంది, ఒళ్లో పిల్ల తల పెట్టుకుని. చెయ్యి పిల్ల జుట్టులోనే ఉంది. ఆ చెయ్యి చల్లబడింది.

శవంతో బండి హంగేరీలోకి పోదని చెప్పారు. కాగితాలు రాయాలి, డాక్టరు రావాలి, అందాకా ఆవిడ తాలూకువాళ్లు ఒకరు ఇక్కడే ఉండాలి.

“నేను అమ్మతో దిగుతాను. మీరిద్దరూ వెళ్లండి” అన్నాడు కాలోయన్.

నెవేనా అత్తగారి వేళ్లని పిల్ల జుట్టులోంచి ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ పెట్టుకోలేదు. బండి కదిలింది. ప్లాట్‌ఫాం మీద స్ట్రెచర్ పక్కన కాలోయన్ తల్లి బూట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల లేచి, “నాన్నమ్మ ఏది?” అని అడిగింది.

“ఇక్కడ దిగింది తల్లీ.”

“ఇక్కడ ఎవరున్నారు మనకి?”

నెవేనా పిల్ల తలని తన ఒళ్లోకి తీసుకుంది.

ఆపరేషన్ అయింది. పిల్ల బతికింది. తల్లీకూతుళ్లు తిరిగొచ్చేసరికి ఇంటి గేటు మీద, చావు కబురు తెలిపే నల్ల అంచు కాగితంలో దోనా ఫోటో అంటించి ఉంది. కాలోయన్ ఆవిణ్ణి అప్పటికే తీసుకొచ్చి మట్టి చేశాడు. అత్తగారి పేరెత్తినప్పుడల్లా నెవేనా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

వసంతంలో మళ్లీ వియన్నా వెళ్లి గుండె చూపించుకోవాలి. నెవేనా రైళ్ల కాగితాలు బల్ల మీద పరిచింది. ఈసారి నీళ్లు పోయడానికి ఇంట్లో పెద్దదిక్కు లేదు. రాగి చెంబు తనే తీసుకుంది. బిల్యానా ఒక్కతే ఉత్తపాదాలతో గడప మీద నిలబడింది.

పాయ బయలుదేరింది. సన్నగా, తడబడుతూ చెర్రీ చెట్టు దాకా వెళ్లి, అక్కడ ఆగింది. నెవేనా చెంబు వదిలేసి గుమ్మానికి చేరగిలబడింది.

అప్పుడు చెట్టు మొదట్లో మట్టి తడిసింది. ఏడాది కింద ఇంకిన నీళ్లు మెల్లగా పైకి ఊరి, పిల్ల పాయలో కలిశాయి. రెండూ ఒకటై గేటు దాటి వీధిలోకి పోయాయి. చాలాసేపటికి తిరిగొచ్చి బిల్యానా పాదాలు తడిపాయి.

“అమ్మా, నీళ్లు వెచ్చగా ఉన్నాయి” అంది పిల్ల.

నెవేనా మోకాళ్ల మీద కూలబడి, ఆ తడి గడపని ముద్దు పెట్టుకుంది.