తిట్టు తీసిన పట్టకారు

నేను ఒక పట్టకారుని. వేడి గిన్నెలు దించే వంటింటి దాన్ననుకునేరు! ఆసుపత్రిలో ఫోర్సెప్స్ అంటారే, ఆ సన్నమూతి స్టీలు జాతి నాది. పుట్టిన నాటి నుంచీ నాకు నిమ్మళమనేది లేదు. కాల్చారు, సమ్మెటతో బాదారు, సానపట్టారు. ఆపరేషన్ గదిలో చేరాక రోజూ మరుగునీళ్ల స్నానం. ఇంతగా ఒళ్లు కడిగించుకునే దాన్ని, అయినా చేతికి తొడుగు లేకుండా ఒక్కరూ ముట్టరు. ఎవరి శుభ్రం కోసమో మరి!

అక్కడ ఒక పెద్ద డాక్టరుగారి చేయి జారి నేలన పడ్డాను. ఒక కాలు కాస్త వంకరపోయింది. తప్పు ఆయనది, శిక్ష నాది. అలా నర్సు రూతమ్మ సంచిలోకి వచ్చిపడ్డాను. క్యాన్సర్ ముదిరి మంచాన పడ్డవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకోవడం ఆవిడ పని. ఆవిడ స్కూటీ మీద, శ్రీకాకుళం తీరపు గతుకుల్లో, డబ్బాలో లొటలొటలాడుతూ తిరిగాను.

ఒకరోజు పొద్దున్నే చేపలవాళ్ల పేటకు వెళ్లాం. అక్కడ కొర్లమ్మ అనే రోగిని ఇంట్లో కాక వలలు దాచే పాకలో పడుకోబెట్టారు. బతుకంతా అడ్డపొగ తాగిన మనిషి. అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి నిప్పు ఆరదని అక్కడి ఆడవాళ్ల ధీమా. ఆ ధీమాయే అంగిట్లో పుండై, క్యాన్సరై, కుడి చెంపను తొలిచేసింది. రూతమ్మ ఆవిడ ముఖాన్ని వెలుగు వైపు తిప్పింది. గాయంలో తెల్లగా పురుగులు కదులుతున్నాయి.

నాకు చెమటలు పట్టవు గానీ, పడితే ఆ పూట తడిసి ముద్దయ్యేదాన్ని. భయంతో కాదు, ఆత్రంతో. తీసెయ్యాలి, ఒక్కటి మిగలకుండా తీసెయ్యాలి! కానీ కొర్లమ్మ అరచేత్తో చెంప మూసేసుకుంది.

“వద్దు నర్సమ్మా. ఇది నా తోటికోడలు రత్నం పెట్టిన తిట్టు. కులాయికాడ బిందెల తగువులో, నోట్లో పురుగులు పడి పోతావే అన్నాది. ఇయ్యి తీసేస్తే ఆ తిట్టు తిరిగి దానికే తగుల్తాది. దానికి సంటిపిల్లలున్నారు.”

విన్నారా? తనను తిట్టినదాని కోసం తన ఒంటిని పురుగులకు అప్పగించుకుంది. మనుషుల మీద నాకున్న వెటకారమంతా అక్కడే చల్లారింది. పురుగుల మీది కోపం మాత్రం చల్లారలేదు. నొప్పి మందు ఇచ్చినా ఆవిడ చెయ్యి తీయలేదు. ట్రేలో నాకూ, పాకలో ఈగలకూ కుదురు లేదు.

రత్నం పాక బయట ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. తిరగేసినవే మళ్లీ తిరగేస్తోంది. తన నోటి దోషమే కొర్లమ్మను తినేస్తోందని పాక గడప తొక్కడం మానేసిందట. పేటంతా అదే మాట. పాపం పండిందని గుసగుసలాడే నోళ్లకు, గాయం మీద ఇంత గుడ్డ కప్పండని చెప్పే తీరిక ఉండదు కదా!

రూతమ్మ గుమ్మంలో నిలబడి పిలిచింది. “రత్నం, ఇలగ రా. సేపకి ఉప్పు తగ్గితే ఏటవుతాది?”

“పురుగు పడతాది” అంది రత్నం, ఇదేం ప్రశ్నన్నట్టు.

“ఎవులు తిట్టీసినారని?”

రత్నం తన చేతిలోని చేపను తిప్పి చూసుకుంది.

“ఈగ వాలి గుడ్డు పెడతాది, అదే పురుగవుతాది. సేపైనా అంతే, పుండైనా అంతే. గాలి తగిలితే ఆరతాదని గాయాన్ని ఇప్పి ఉంచీసినారు. మంచమేమో సేపల పక్కనే ఏసినారు. ఇంక ఈగలకి పండగే కదా!”

పాకలోంచి ఏదో వింత శబ్దం వచ్చింది. కొర్లమ్మ నవ్వుతోంది. చిల్లుపడిన చెంపతో, మూలుగుతూ నవ్వుతోంది. “అవునొలే రత్నం! తిట్లు తగిలీటట్టుంటే మన కులాయికాడ ఒక్కర్తైనా మిగిలీదా?”

రత్నం పరుగున వచ్చి ఆవిడ పక్కన కూలబడి భోరుమంది. “నానే నిన్ను సంపేసినాననుకున్నానప్పా!” కొర్లమ్మ చెంప మీది చెయ్యి తీసి దాని తల మీద పెట్టింది. రూతమ్మకు కావలసింది ఆ సందే.

టర్పెంటైన్ నూనెలో తడిపిన గుడ్డ గాయం అంచున పెట్టింది. ఊపిరాడక పురుగులు ఒక్కొక్కటీ పైకి వచ్చాయి. నేను కరిచి పట్టి లాగాను. వంకర కాలి పుణ్యమా అని ఒకటి రెండు జారవిడిచాను కూడా. రత్నం టార్చిలైటు పట్టింది. చూపు తిప్పుకోలేదు. లోతున దాగినవాటి కోసం మర్నాడూ, ఆ మర్నాడూ వెళ్లాం. వాసన తగ్గే పొడి చల్లి, కట్టు కట్టి, రూతమ్మ దోమతెర కట్టించింది. మంచం పాకలోంచి రత్నం ఇంట్లోకి మారింది. నాకు మాత్రం డబ్బాలో ఒకటే రొద. ఒకటేమైనా మిగిలిందేమో, ఇంకోసారి చూడరేం!

పురుగు మిగల్లేదు. క్యాన్సర్ మిగిలింది. దాన్ని పట్టడానికి నా మూతి చాలదు. వానలు పడేలోగా కొర్లమ్మ పోయింది. రత్నమే నీళ్లు పోసి, చెంపకు కొత్త కట్టు కట్టి సాగనంపింది.

నా మూతులు బొత్తిగా కలవడం మానేశాక రూతమ్మ నన్ను రత్నానికి ఇచ్చేసింది. ఇప్పుడు వాళ్ల చూరుకు వేలాడుతూ, గాలికి ఊగుతూ ఉంటాను. కాళ్లలో చేపముళ్లు తీయడం నా పని. సగం సార్లు జారవిడిచి తిట్లు తింటాను. ఎదురుగానే కుళాయి. అక్కడ బిందెల యుద్ధం యథాప్రకారం సాగుతోంది, రత్నం గొంతే అందరికంటే పైన. నిన్న కూడా కొప్పు బిగించి లేచింది. “ఒలే, నీ నోట్లో...” అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. రత్నం ఆగింది. ఇంట్లో ఖాళీగా ఉన్న కొర్లమ్మ మంచం వైపు ఒకసారి చూసింది.

“...పంచదార పొయ్య! బిందె తియ్యవే” అంది.