ఊఁ కొట్టే మనిషి

కథ చెప్పడం చేతనైనవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. ఊఁ కొట్టడం చేతనైన మనిషి మాత్రం జిల్లా అంతా గాలించినా దొరకడం కష్టం. నంద్యాల అదృష్టం కొద్దీ అలాంటి మనిషి ఒకామె ఉంది. పేరు ప్రవళిక.

"ఊఁ చెప్పన్నా" అని ఆమె నడిపే పాడ్‌కాస్ట్ ప్రతి శుక్రవారం పొద్దున వస్తుంది. లక్షలమంది వింటారు. అందులోకి మంత్రులు రారు, సినిమావాళ్ళు రారు. అవుకు చెరువులో చేపలు పట్టేవాడు, ఆత్మకూరు అడవిలో తేనె తీసేవాడు, ముప్పై ఏండ్లు బడిపిల్లలకు వండిపెట్టిన ఆయమ్మ, ఇలాంటివాళ్ళు వచ్చి కూర్చుంటారు. ప్రవళిక ఊఁ అంటుంది. అంతే, కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పని మాట వాళ్ళ నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

ఇది యామినికి ఒక పట్టాన మింగుడుపడేది కాదు. రికార్డు చేసేది యామిని, కోసి అతికేది యామిని. చివరికి ఆ స్టూడియో కూడా యామిని వాళ్ళదే. నాయన ఓంప్రకాష్ బట్టల కొట్టు మీద, దుప్పట్ల మూటలు పేర్చిన గది అది. ఆ మూటల మధ్య మాట మోగకుండా మెత్తగా వినిపిస్తుందని కనిపెట్టింది కూడా తనే. కాలేజీలో వక్తృత్వ పోటీ ఎక్కడ జరిగినా కప్పు ఇంటికి తెచ్చిన పిల్ల. ఆ ధీమాతో సొంతంగా ఒక పాడ్‌కాస్ట్ పెడితే వాళ్ళమ్మ విన్నది, పిన్ని విన్నది. పిన్ని కూడా సగంలో స్టవ్ మీద పాలున్నాయని లేచిపోయింది.

ప్రవళికక్కలో ఏముందని యామిని చాలా ఆలోచించింది. గొంతా? కాస్త బొంగురే. చదువా? తన పాటి చదువే. మైకా? ఆ మైకు కొన్నది తనే కదా. అన్నీ కూడి తీసివేసి, అదృష్టం అని తేల్చుకుంది. అర్థం కానిదానికి అందరూ పెట్టే పేరు అదే.

అప్పుడే ప్రవళిక గొంతు పోయింది. డాక్టరు చూసి, కొన్నాళ్ళు నోరు విప్పకూడదనీ గుసగుస కూడా కూడదనీ గట్టిగా చెప్పాడు. శుక్రవారం ముంచుకొస్తోంది. ప్రవళిక ఫోనులో టైపు చేసి యామినికి చూపించింది: "ఈ వారం ఆళ్ళగడ్డ గురుస్వామితో నువ్వే మాట్లాడు. బాగా వస్తే ఇకమీదట వారం విడిచి వారం మైకు నీదే."

యామిని ఆ సంతోషంతో మెట్లు దిగుతూ సంగతి చెబితే నాయన గల్లాపెట్టె దగ్గరనుంచే అన్నాడు. "సంతోషమే పాపా. కుదిరితే సరి. కుదరలేదనుకో, దీపావళికి కొట్లో కూచునేకి నాకు మనిషి కావాల. ఇంగ ఆటలు చాలు."

మైకు ముందు కుర్చీయా, గల్లాపెట్టె ముందు కుర్చీయా అన్నది ఆ ఒక్క ఎపిసోడుతో తేలిపోవాలి. ఆ రాత్రి యామిని ఫోను నిండా ప్రశ్నలు రాసుకుంది.

మరునాడు యామినీ ప్రవళికా ఆళ్ళగడ్డ బస్సెక్కారు. గురుస్వామి శిల్పి. ఆయన చేతి విగ్రహాలు ఎన్ని ఊళ్ళ గుళ్ళలో పూజలందుకుంటున్నాయో ఆయనకే గుర్తులేదు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు, ముందు ముక్కూ మొహం ఏర్పడని బండలు, అన్నిటిమీదా తెల్లటి దుమ్ము. పనివాళ్ళు మిషన్లు ఆపారు. గురుస్వామి భార్య గౌరమ్మ అందరికీ మజ్జిగిచ్చి, తలుపు దగ్గర గడప మీద కూర్చుంది. ప్రవళిక ఒక మూల రాయి మీద కూర్చుంది.

యామిని ఫోను తెరిచి, తల వంచి, టీవీలో వార్తలు చదివే గొంతుతో మొదలుపెట్టింది. "శిల్పిగారూ, ఈ రంగంలో మీ ప్రస్థానం ఎలా ప్రారంభమైంది?"

"ఆ, అదేలే."

"మీకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తులు ఎవరు?"

"అంతే పాపా."

కొట్లో పెరిగిన పిల్లకు ఒక సంగతి రక్తంలో ఉంటుంది. బేరం మధ్యలో గిరాకీ నోరు మూసుకుంటే పక్క కొట్టు వైపు చూస్తున్నట్టే. చప్పున ఇంకో చీర విప్పి పరచాలి. యామిని అదే చేసింది. ఆయన ఆగిన చోటల్లా ఇంకో ప్రశ్న విప్పింది, దాని మీద ఇంకోటి విప్పింది. ప్రశ్నలు గుట్ట పడ్డాయి గానీ బేరం తెగలేదు. చాలాసేపటికి చూసుకుంటే రికార్డరు నిండా ఉన్నది తన గొంతే. గల్లాపెట్టె ముందు కుర్చీ కళ్ళముందు కనబడి, యామినికి ఏడుపొక్కటే తక్కువైంది. నిస్సహాయంగా ప్రవళిక వైపు చూసింది.

ప్రవళిక లేచి వచ్చింది. యామిని చేతిలోని ఫోను తీసి తన సంచిలో వేసుకుంది. తన స్టూలు జరుపుకుని గురుస్వామికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నోటి మీద వేలు పెట్టి, గొంతు లేదని సైగ చేసి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ పొద్దున ఆయన నవ్వడం అదే మొదలు. ప్రవళిక పక్కనున్న కొత్త బండను చూపించి, ఇదేమిటన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

మాటకు ఉలకని మనిషి ఆ సైగకు చటుక్కున లేచాడు. సుత్తి తీసుకుని బండ మీద ఒక దెబ్బ వేశాడు. వేసి, బండ వైపు కాదు, గడప వైపు చూశాడు. గౌరమ్మ తల ఊపింది. ఆయన సుద్దతో అక్కడ ఒక గీత గీశాడు. ఇంకోచోట కొట్టాడు. మళ్ళీ గడప వైపు చూశాడు. ఈసారి గౌరమ్మ తల అడ్డంగా తిప్పింది. ఆయన గీత గీయలేదు.

యామిని కూడా చూసింది గానీ చూసినట్టు కాదు. ప్రవళిక చూసింది. గౌరమ్మను చూసింది, ఆయన్ను చూసింది, చూస్తూ అలాగే ఉండిపోయింది.

పాములపాడులో ప్రవళిక నాయన సంజీవయ్య పాస్టరుగా ఉన్న చర్చిలో ఆదివారాలు సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషి ఒక్కోసారి ఏడుపొచ్చి నడుమనే ఆగిపోయేవాడు. ఎవరూ తొందరపెట్టేవాళ్ళు కాదు. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా సంఘమంతా చాపల మీద కూర్చుని ఎదురుచూసేది. ప్రవళిక చదువుకున్న అసలు చదువు ఆ చాప మీదే. ఇదంతా ఆమె యామినికి ఎన్నోసార్లు చెప్పింది. అదీ ఒక ముచ్చటేనని యామిని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

ఇప్పుడు షెడ్డులో చప్పుడు లేదు. యామిని నాలుక దురద పెట్టింది. ప్రవళిక చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది. ఆగు, అని.

గురుస్వామి సుత్తి కింద పెట్టాడు.

"నాకు వినపడదు పాపా," అన్నాడు. "మిషన్ల పక్కన బతుకంతా నిలబడి చెవులు పాయె. మనిషి ఎదురుగా కూచోని మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటా. ఆ పాప తల వంచుకోని అడగబట్టె, నాకేం తెలుస్తాది? రాయికి పెదాలు లేవు కదా. కొడితే పలికేది మంచి రాయి. లోపల పగులుంటే డొల్లగా అంటాది. అది వినకుండా ఉలి పెడితే, సగం విగ్రహమైనాక పగులుతాది. చానా ఏండ్లాయ. నేను కొడ్తా, ఆమె వింటాది. ఆమె తల ఊపితేనే నేను ఉలి పట్టేది."

ప్రవళిక రికార్డరు వైపు చూపించి, ఆపనా అన్నట్టు వేలు ఎత్తింది.

"వద్దు, ఉండనీ. ఇన్నాళ్ళూ నామోషీ అనుకొని దాచుకుంటి. గుడి గుడికీ నా పేరు చెప్తాండారు. ఆమె పేరు యాడ ఉండాది? ఒక్కచోటన్నా ఉండనీ."

గడప మీద గౌరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఈయప్పకు ఈ పొద్దు ఏమొచ్చిండాదో," అంది.

యామినికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎప్పుడూ లేనంత గౌరవం పుట్టింది ప్రవళిక మీద. గొంతు లేదు, ఒక్క ప్రశ్న లేదు, కనీసం ఊఁ కూడా లేదు. మొహంతో విన్నది మనిషి. యామిని గడప దగ్గరకు వెళ్ళి గౌరమ్మ పక్కన కింద కూర్చుంది. వార్తల గొంతు వదిలేసి, ఇంట్లో మాట్లాడినట్టు అడిగింది. "అమ్మా, మంచి రాయి ఎట్ల పలుకుతాది?"

గౌరమ్మ చానాసేపు ఏమీ అనలేదు. యామిని ఇంకో చీర విప్పలేదు.

"పిలిస్తే పలికే బిడ్డ మాదిరి," అంది గౌరమ్మ చివరికి. ఆ తర్వాత ఆమె చెప్పుకుంటూ పోతుంటే మజ్జిగ చెంబు మీద ఈగలు ముసిరినా ఎవరూ లేవలేదు.

దుప్పట్ల గదిలో యామిని తన ప్రశ్నలన్నీ కోసి పారేసింది. మామూలుగా అయితే మౌనాలు కూడా కోసేసేది. ఈసారి సుత్తి దెబ్బకూ గౌరమ్మ తల ఊపడానికీ మధ్య ఉన్న ఖాళీ అలాగే ఉంచింది. నాయన పైకొచ్చి, "ఏం పాపా, మిషను ఆగిపాయనా?" అన్నాడు. లేదని చెయ్యి ఊపింది. ఏమనుకున్నాడో, ఒక మూట మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. గల్లాపెట్టె మాట ఎత్తకుండానే దిగిపోయాడు.

కానీ ఇంకో గండం ఉంది. మాట్లాడిన మనిషి విని సరేననకుండా ప్రవళిక ఏదీ జనంలోకి వదలదు. అది ఆమె పెట్టుకున్న నియమం. గురుస్వామి వద్దంటే శుక్రవారమూ లేదు, యామినికి మైకూ లేదు. ఆ పనికి ప్రవళిక ఈసారి యామినిని ఒంటరిగానే ఆళ్ళగడ్డకు పంపింది.

గౌరమ్మ చెవులకు యామిని హెడ్‌ఫోన్లు తగిలించింది. గురుస్వామి ఎదురుగా బండ మీద కూర్చుని భార్య మొహం వైపే చూస్తున్నాడు. గౌరమ్మ మొహంలో ఏమీ తెలియలేదు. ఒకచోట తన గొంతు తనే విని నవ్వింది. ఒకచోట, "ఏందీ, నిలిచిపాయనా?" అని హెడ్‌ఫోన్లు నొక్కుకుంది. బాగుందా అమ్మా అన్న మాట యామిని పెదాల దాకా వచ్చింది. మింగేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె మొహమే చూస్తూ కూర్చుంది.

అంతా అయిపోయింది. గౌరమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొగుడి వైపు చూసి తల ఊపింది. బండ పలికినప్పుడు ఊపిన ఊపే అది, ఎక్కువా లేదు తక్కువా లేదు.

గురుస్వామి లేచి సుద్ద వెతుక్కున్నాడు. యామిని మైకు పెట్టె మీద వంగి ఒక గీత గీశాడు. తర్వాత ఆమెకు ఎదురుగా కూర్చుని చేతులు దులుపుకున్నాడు.

"ఆ పొద్దు ఇంకొకటి చెప్పేకి మర్చిపోయినా పాపా. మా నాయన నా చేతికి సుత్తి ఇచ్చిన దినం..."

మైకు పెట్టెలోనే ఉంది. యామిని దాన్ని తీయాలనుకోలేదు. ఆయనకు కనబడేలా మొహం పైకెత్తి, "ఊఁ" అంది.