యిర్మియా కుర్చీ కింది నేల

మొదట్లో యిర్మియా కుర్చీ కింద నేల దిగింది రెండు వేళ్ళ లోతే. అంత లోతు ఆ సంఘంలో లెక్కలోకి రాదు.

కాలనీ చివరనున్న ఆ మందిరంలో, మాట దాచుకున్న మనిషి కింద నేల కుంగుతుంది. పొద్దున ఇంట్లో కొట్లాడుకుని వచ్చిన ఆలుమగల కింద కాస్త కుంగుతుంది, అప్పుసంగతి ఇంట్లో చెప్పని వాళ్ళ కింద ఇంకాస్త. క్రిస్మస్‌కు ముందు యవ్వనస్థులు బండలు లేపి, మొరం పోసి, మళ్ళీ పరుస్తారు. పాస్టరమ్మ కూర్చునే చోట పోయినేడు రెండు తట్టలు ఎక్కువే పట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే అక్కడి మర్యాద. "దేవుని కృప, బాగున్నం" అనుకుంటూ ఎవరి గుంతలో వాళ్ళు కూర్చుని పాటలు పాడుకునేవారు.

యిర్మియా బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు మొదలవగానే ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి, చప్పుడు విని, "మంచిగుంది" అనాలి. ఆ మాట పడ్డాకే మిగతావాళ్ళు దాని కిందికి పోతారు. గట్టి బండ ఖంగుమంటుంది. విడిన బండ పగిలిన కుండలా పలుకుతుంది. ఏళ్ళ తరబడి యంత్రాల హోరులో పనిచేసి అతని చెవులు మందగించాయి.

ఉపవాస ప్రార్థనల్లో, బయటి ఊరి నుంచి వచ్చిన దైవజనుడు అతని చెవుల మీద చేతులుంచి, "వినబడుతుందా అయ్యా?" అని మైకులో అడిగాడు. మైకు మోత కాబట్టి వినబడింది. మందిరమంతా చప్పట్లు. "నా చెవిని ప్రభువు ముట్టిండు" అని యిర్మియా కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. ఆ క్షణాన అది అబద్ధం కాదు.

ఇంటికొచ్చాక కుక్కర్ విజిల్ ఎగరడం కనబడింది గానీ వినబడలేదు.

"పలుకవేందయ్యా?" అంటూ భార్య లిడియా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ప్రార్థనల ఉన్న" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారమే కుర్చీ రెండు వేళ్ళు దిగింది. తర్వాత చీలమండ లోతు, తర్వాత మోకాలు. చెబుదామనుకునేవాడు. కానీ చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటే దేవుణ్ణే అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా? బాయిలో చెవిని వదిలేసి, కొట్టినప్పుడు అరచేతిలోకి పాకే వణుకును నమ్ముకున్నాడు.

ఒక రోజు ఎందుకో వణుకు సరిగా అంతుబట్టలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. పక్క క్వార్టర్‌లో ఉండే పోశం వెనక నిలబడి నవ్వాడు.

"ఏంది బావా, గంతసేపు కొడుతున్నవ్? రూఫుకు గూడ బాప్తీస్మం ఇస్తున్నవా?"

టోపీ లైటు వెలుగులో యిర్మియాకు పెదవులు కనబడ్డాయి. తనూ నవ్వాడు. "మంచిగుంది, లోపటికి నడువ్" అన్నాడు.

బండ పడిన చప్పుడు మాత్రం అతనికి వినబడింది.

పోశం కాలును దవాఖానలో మోకాలి పైదాకా తీసేశారు. ఏం జరిగిందని అడిగిన ఆఫీసర్లతో, "కొట్టి చూసిన, మంచిగనే పలికింది" అన్నాడు యిర్మియా. బండను ఎవరు నమ్ముతారు అని అందరూ తలలూపారు.

ఆ ఆదివారం కుర్చీ నడుము లోతుకు దిగింది. పక్కనున్న శాంతిరాజ్ వంగి పాటల పుస్తకం కిందికి అందించాడు.

సాక్ష్యాల వేళకు పోశం భార్య అనసూర్య వచ్చింది. ఆమె మందిరంలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నేరుగా వచ్చి యిర్మియా గుంత అంచున గొంతుక్కూర్చుంది. ఆమె పెదవులు అతని కళ్ళకు ఎదురుగా ఉన్నాయి.

"అన్నా, నీ చెవిని ముట్టిన దేవునికి ఒక్క మాట జెప్పరాదే. మా ఆయన తిండి ముడుతలేడు. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. గా పొద్దున నేనే కొట్లాడి డ్యూటీకి పంపిన. మనసు మంచిగ లేకనే బండ జూసుకోలే. నా నోరే ఆయన కాలు తిన్నది."

"ప్రార్థన చేస్త చెల్లే" అన్నాడు యిర్మియా.

నేల ఇంకో మూరెడు దిగింది. బండల అంచు గడ్డం కిందికి వచ్చింది. ఆమె అతనికి దండం పెట్టి లేవబోయింది.

"చెల్లే, నాకు ఇనవడదు."

"ఏంది?"

"చెవులు. ప్రభువు ముట్టిండన్న గదా, ఇంటికి పోయే సరికి మళ్ళ గట్లనే. రూఫు ఏమని పలికిందో నాకు తెల్వదు. తెల్వకనే మంచిగుందన్న. నువ్వు కొట్లాడినందుకు బండ పడలే."

గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియలేదు. మందిరమంతా ఇటు తిరిగింది. పాస్టరుగారు మైకు అందుకున్నారు గానీ ఏ పాట ఎత్తాలో తోచలేదు. ఆడవాళ్ళ వైపు లిడియా తల వంచుకుంది. ఆమె కుర్చీ కూడా ఎప్పటినుంచో మోకాలి లోతున ఉందని యిర్మియా అప్పుడే చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అనసూర్య గుంత అంచున మోకాళ్ళు ఆనించింది. తర్వాత చెయ్యి చాచింది. అంత లోతు నుంచి మనిషిని లేపాలంటే ఇద్దరు ముగ్గురు కావాలి. ఆమె ఒక్క చేత్తో లాగితే అతను ఖాళీ తట్టలా పైకి వచ్చాడు.

"మాఫ్ చేసిన అనుకోకు" అంది, అతని ముఖంలోకి చూస్తూ. "ఆయన గూడ తప్పు నాదే, నేనే జూసుకోలే అంటున్నడు. నాకు జెప్తే ఏం లాభం? నడువ్. ఆయనకు జెప్పు."

ఇద్దరూ ఆటోలో దవాఖానకు బయలుదేరారు. పోశానికి చెప్పాక మేనేజర్ ఆఫీసుకూ పోవాలి. ఆ తర్వాత ఈ డ్యూటీ ఉండదని, కేసు కూడా కావచ్చని యిర్మియాకు తెలుసు.

వార్డు గుమ్మం దగ్గర ఆగాడు. దవాఖాన నేల ఎవరి కిందా కుంగదు. ఇక్కడ నిలబడి ఏమైనా చెప్పొచ్చు, ఏమీ చెప్పకుండా పండ్లు పెట్టి పోవచ్చు.

పోశం గోడ వైపు తిరిగి ఉన్నాడు. వెనక నుంచే చెప్పేయవచ్చు. కానీ పోశం ఏమంటాడో తెలియాలంటే అతని పెదవులు చూడాలి. మంచానికీ గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. యిర్మియా మంచం చుట్టూ నడిచి, పక్కకు తిరిగి, ఆ సందులో కాలు పెట్టాడు.