మూడు మిల్లీమీటర్లు

నాలుగేళ్ల కిందట కానిస్టేబుల్ సెలక్షన్లలో సంపత్ ఎత్తు కొలిస్తే మిషన్ మీద 167.3 అని పడింది. కావలసింది 167.6 సెంటీమీటర్లు. కొలిచిన సారు కాగితం మీద ఏదో గీసి, పక్కకు పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అంతే సంగతి. సంపత్ బస్సెక్కి సిరిసిల్లలో దిగేసరికి అతని కన్నా ముందే ఆ లెక్క వాడకట్టుకు చేరింది. హోటల్లో చాయ్ నిండుగా పోయకపోతే, "ఏందే, సంపతు లెక్క మూడు మిల్లీమీటర్లు తక్కువ వోసినవ్?" అని అడగడం అలవాటైపోయింది.

సంపత్‌కు కోపం రాలేదు. వచ్చినా దాన్ని చూపించేంత ఎత్తు తనకు లేదనుకున్నాడు. ఆ మాటకు అందరికన్నా ముందు నవ్వేది అతనే.

అతని పని ఎనిమిది సాంచలు నడపడం. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పదహారేళ్లుగా అదే షెడ్డు, అదే చప్పుడు. తండ్రి దశరథానికి ఆ చప్పుడుతో చెవులు సగం పోయాయి. ఇంట్లో ఉప్పు అడిగినా నాలుగిళ్ల అవతలికి వినపడేలా అడుగుతాడు. ఈ మధ్య సంపత్‌కు కూడా భార్య భవ్యశ్రీ ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. ఖాకీ బట్టల మీద మోజు ఎంతుందో గానీ, ముందు ఆ షెడ్డులోంచి బయటపడాలన్నది అతని పట్టుదల. మళ్లీ నోటిఫికేషన్ పడగానే దరఖాస్తు పెట్టాడు. రాత్రుళ్లు చదివి మొదటి పరీక్ష దాటాడు. తర్వాతది గ్రౌండు, అంటే దేహదారుఢ్య పరీక్షలు. ఇంకో నోటిఫికేషన్ వచ్చేనాటికి వయసు దాటిపోతుంది. అంటే ఈ మూడు మిల్లీమీటర్లు ఇప్పుడు దొరికితే దొరికినట్టు, లేకుంటే చచ్చేదాకా సాంచలే.

"పొద్దుందాక నిలవడితె మనిషి కుంగుతడురా," అని తేల్చాడు దశరథం. "నా పెండ్లి ఫోటో జూడు. మీ అవ్వ నా భుజం కాడికున్నది. ఇప్పుడు? చెవు కాడికొచ్చె."

"అవ్వ ఎత్తు చెప్పులేసుకున్నదేమో బాపూ."

"ఫోటోల చెప్పులు కనవడ్తున్నయా?"

కనబడటం లేదు. ఫోటో నడుము దాకానే ఉంది. అయినా దాంతోనే వాదన తెగిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో సంపత్‌ను పొడుగు చేసే కార్యక్రమం మొదలైంది. తెల్లవారగానే దశరథం చాప మీద కూర్చుని కొడుకు చంకల కింద చేతులు వేసి పట్టుకునేవాడు. భవ్యశ్రీ బీడీల చాట పక్కన పెట్టి, కొంగు బిగించి మొగుడి కాళ్లు గుంజేది.

"ఇంక జర గుంజు బిడ్డా!"

"ఎత్తు వెరుగుతదో లేదో గని మామా, చేతులు మోకాళ్ల దాకా అస్తయి," అనేది ఆమె. "ఓ పోలీసు సారూ, జర దమ్ము వట్టు."

సంపత్ షెడ్డులో దూలానికి వేలాడాడు. రోజుకు రెండు గుడ్లు తిన్నాడు. సెలక్షన్లకు మూడు రోజుల ముందు పని మానిపించి, దశరథం అతన్ని మంచం దిగనివ్వలేదు. పొద్దున లేచిన వెంటనే మనిషి ఎక్కువ పొడుగుంటాడని, సాయంత్రానికి తగ్గుతాడని సంపత్ కూడా ఫోన్‌లో చూశాడు. అది నిజమేనట. కాబట్టి కరీంనగర్ దాకా పడుకోబెట్టి తీసుకుపోయి, గ్రౌండు గేటు దగ్గరే లేపి నిలబెడితే ఆ మూడూ మిగులుతాయి. ఇదీ పథకం.

ముత్యం దగ్గర బట్ట తాన్లు మోసే ట్రాలీ ఆటో ఉంది. ముత్యం, సంపత్ బడిలో ఒకే బెంచీ. "నడుం కింద మెత్తగుండాలె" అని దశరథం తాన్లు పరిపించాడు. చలికాలం కావడంతో కొడుకును తల నుంచి కాళ్ల దాకా తెల్లగుడ్డతో కప్పాడు. మూలమలుపుల్లో దొర్లకుండా తాడుతో రెండు చోట్ల కట్టాడు. తానేమో తల దగ్గర, మఫ్లర్ చుట్టుకుని, మొహం బిగించుకుని కూర్చున్నాడు.

అది చూసేవాళ్లకు ఎలా కనపడుతుందో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వేములవాడలో గుడికొచ్చిన సోమవారం జనం. ట్రాలీ నెమ్మదించగానే ఒక ముసలావిడ చెంపలు వేసుకుంది. పక్కనున్న వాళ్లు దండాలు పెట్టారు.

"ఎవలు వోయిండ్రు బిడ్డా?" అని అడిగింది ఆవిడ.

దశరథానికి సగమే వినపడింది. "నా కొడుకు! పోలీసు సెలక్షన్లకు వోతుండు!" అని అరిచాడు.

ముసలావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "దుఃఖానికి మతి చెదిరింది పాపం" అని పక్కావిడతో అంటుంటే సంపత్‌కు గుడ్డ కింద స్పష్టంగా వినబడింది. లేచి చెబుదామనుకున్నాడు. లేస్తే ఎంత తగ్గుతానో అన్న భయంతో శవంలాగే పడుకున్నాడు. ఇంత బాగా ఏ పనీ చేయలేదు తను ఇప్పటిదాకా, అని కూడా అనుకున్నాడు.

కరీంనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆ తెల్లగుడ్డ చూసి రెండు దిక్కులా బండ్లు ఆపి దారి ఇచ్చాడు. సెలక్షన్లకు పోతూ పోలీసుతోనే రోడ్డు ఖాళీ చేయించుకున్న వాడు తనొక్కడే అయివుంటాడు. మర్యాదకు పోయి సంపత్ గుడ్డ తొలగించి, "థాంక్స్ సార్" అన్నాడు. కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేసి విజిల్ కింద పడేసుకున్నాడు. ముత్యం ఇక ఎక్కడా ఆపలేదు.

గేటు దగ్గర తాళ్లు విప్పి, ఇద్దరూ చెరో పక్క పట్టి గాజుసామాను దించినట్టు దించారు. "దుంకకు. గట్టిగ దగ్గకు. సక్కగ వోయి కొలత కాడ నిలవడు," అని చెవిలో అరిచాడు దశరథం. చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

లోపల లైనులో సంపత్ ముందు అరుణ్ అనే కుర్రాడు నిలబడ్డాడు. బోథ్ దగ్గర పల్లె, పత్తి రైతు కొడుకు, కరీంనగర్లో కోచింగ్ తీసుకుంటున్నాడు. తాటిచెట్టంత ఉన్నాడు. సంపత్ అతని వీపుతో మాట్లాడాడు.

"తమ్మీ, ఎత్తు ఏ దిక్కు కొలుస్తుండ్రు?"

"ఎత్తు ఇప్పుడెక్కడిదన్నా? ముందుగాల ఉరుకుడు. పదహారు వందల మీటర్లు. అండ్ల పాసైతేనే ఎత్తు."

"పోయినసారి ముందు ఎత్తే ఉండె గదా!"

"గీసారి మార్చిండ్రు. కార్డుల రాసుంది, సదువలేదా?"

సంపత్ తన అడ్మిట్ కార్డు తీశాడు. నాలుగు పేజీలు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్నప్పటి నుంచి అతను ఎత్తు అని ఉన్న ఒక్క లైనే చదివాడు, అదీ వందసార్లు. దానికి పైన, వరుస సంఖ్యలు వేసి మరీ, మొదట పరుగు అని ఉంది. మూడు రోజులు మంచం మీద, నలభై కిలోమీటర్లు తాళ్ల మధ్య. ఏ బుద్ధి ఉన్నవాడైనా కాగితం చదివి పడుకుంటాడు. తను పడుకున్నాక చదివాడు.

కాలికి టైము లెక్కించే చిప్ కట్టారు. ఈల ఊదారు. ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో నాలుగు రౌండ్లు కావాలి. మొదటి రౌండు సంపత్ మునివేళ్ల మీద, పిల్లి నడిచినట్టు పరుగెత్తాడు. మడమ గట్టిగా ఆనిన ప్రతిసారీ తన ఎత్తులోంచి కొంత రాలి కంకర మీద పడుతున్నట్టే ఉంది. మిగతావాళ్లు సగం గ్రౌండు ముందున్నారు.

"ఏయ్ పెద్దమనిషీ! పెండ్లి ఊరేగింపుల నడుస్తున్నవా? ఉరుకు!" అని మైకులో ఎవరో తిట్టారు.

అప్పుడు అర్థమైంది. ఎత్తు కాపాడుకుంటే పరుగు పోతుంది. పరుగు పోతే ఎత్తు కొలిచేవాడే ఉండడు. ఇంక మడమలూ వెన్నుపూసా దేవుడికి వదిలేసి దబదబా ఉరికాడు. ఏడు నిమిషాల తొమ్మిది సెకన్లు. గీత దాటాక మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగబోయి, వంగితే తగ్గుతానేమోనని నిటారుగా నిలబడి రొప్పాడు.

ఊపిరి తీసుకునే లోపే ఎత్తుకు పిలిచారు. మిషన్ కింద నిలబడ్డాడు. పైనుంచి పట్టీ దిగి తలను తాకింది.

167.4.

"నాట్ క్వాలిఫైడ్," అన్నాడు కూర్చున్న సారు. "అప్పీలు చేస్తవా? ఒక్కసారే ఛాన్సు. డీఎస్పీ సారు కొలుస్తరు. ఆయన చెప్పిందే ఆఖరు."

"చేస్త సార్."

సంతకం పెడుతూ లెక్క వేసుకున్నాడు. నాలుగేళ్లు. అరవై చిల్లర రోజులు కాళ్లు గుంజించుకోవడం. ఎన్ని గుడ్లో. దానికి వచ్చింది ఒక్క మిల్లీమీటరు. ఈ లెక్కన ఇంకో ఎనిమిదేళ్లు గుంజితే చాలు. అప్పటికి భవ్యశ్రీ చేతులు మాత్రం మంచి పోలీసు చేతులవుతాయి.

అప్పీలు టెంటు ముందు ఆరుగురు ఉన్నారు. డీఎస్పీ రావడానికి అరగంట పడుతుందన్నారు. సంపత్ అటూ ఇటూ చూసి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. మిగతా ఆరుగురు ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి ఒకడు పడుకున్నాడు, తర్వాత ఇంకొకడు. చివరికి ఏడుగురూ ఒక వరుసలో, ఎండలో చేపల్లా.

ఎత్తు పాసై లాంగ్ జంప్‌కు పోతున్న అరుణ్ ఆగాడు. "అన్నా, ఏమైందే? కండ్లు తిరిగినయా?"

"లేదు తమ్మీ."

"మరేం జేస్తుండ్రు?"

"పెరుగుతున్నం."

అరుణ్ నవ్వబోయి, సంపత్ ముఖం చూసి ఆపుకున్నాడు. తన సీసాలో మిగిలిన నీళ్లు అతని తల దగ్గర పెట్టి పోయాడు.

డీఎస్పీ వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి. వరుసను చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంది, దవాఖాననుకున్నరా? లెవ్వుండ్రి!"

ముందు ముగ్గురు మిషన్ ఎక్కారు. ముగ్గురికీ రాలేదు. ఒకడు ఏడ్చాడు. నాలుగో పేరు సంపత్‌ది. ఎక్కి నిలబడ్డాడు. ఛాతీ పైకెత్తాడు. మడమలు లేచాయని ఎక్కడ అంటారోనని కాళ్ల వైపు చూసుకుంటూ బిగుసుకున్నాడు. డీఎస్పీ పట్టీ దించకుండా అతన్నే చూశాడు.

"ఏం పని చేస్తవ్?"

"సాంచలు నడుపుత సార్."

"ఎన్నేండ్లసంది?"

"పదహారు సార్."

"దారం తెగిందా?"

"ఏడ సార్?"

"నీ కాళ్ల కాడ. అచ్చినకాంచి గాడనే జూస్తున్నవ్."

సంపత్ తల ఎత్తాననుకున్నాడు. ఎత్తలేదట. డీఎస్పీ రెండు వేళ్లు గడ్డం కింద పెట్టి పైకి నెట్టాడు. మెడ వెనక ఎక్కడో టక్కుమంది. ఎనిమిది సాంచల మీద ఎక్కడ పోగు తెగుతుందో, ఎక్కడ బట్టకు మచ్చ పడుతుందో చూస్తూ పదహారేళ్లు నడుము ఎత్తున ఉన్నదాని మీదే కళ్లు పెట్టాడు. నిటారుగా నిలబడటమంటే అదేననుకున్నాడు. కాళ్లు గుంజారు, చేతులు గుంజారు. మెడ సంగతి దశరథానికి తోచలేదు. ఎలా తోస్తుంది, ఆయన మెడ అంతకన్నా వంగి ఉంటే?

"గా నీళ్ల ట్యాంకు దిక్కు జూడు. నన్ను జూడకు, మిషన్ జూడకు. కదిలితె నీ కర్మ."

సంపత్ చూశాడు. ట్యాంకు మెట్ల మీద ఎవరో ఎర్ర టవల్ ఆరేశారు. గాలికి అది ఊగుతోంది. పట్టీ దిగిన చప్పుడైంది. తల మీద చల్లగా తాకింది. మిషన్ మీది అంకె చూడాలంటే తల తిప్పాలి. తిప్పలేదు. టవల్ కేసి చూస్తూనే ఉన్నాడు.

"ఒకటి ఆరు ఏడు పాయింట్ ఆరు," అన్నాడు డీఎస్పీ. "రాసుకో."

సంపత్ కదలలేదు.

"దిగు."

"రాసిండ్రా సార్?"

"రాసిండ్రు. దిగు."

"సంతకం గూడ?"

"ఓరి నీ... అయింది, దిగవయ్యా! ఎనకాల మనుషులున్నరు!"

దిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ తల దించి తుడుచుకునే ధైర్యం లేదు. కాగితం చేతికిచ్చి లాంగ్ జంప్ దగ్గరకు పొమ్మన్నారు. గడ్డం పైకెత్తి, ఆకాశంలోకి చూస్తూ, కొత్తగా వచ్చిన ఎత్తు మీద ఠీవిగా నడిచాడు. ఇసుక గుంట చుట్టూ తాడు కట్టి ఉందని అక్కడున్న అందరికీ కనబడింది, అతనికి తప్ప.

తాడు తగిలి బోర్లా పడ్డాడు. మొహమంతా ఇసుక.

"దుంకుడు గాడ గాదు, గీడికెళ్లి!" అని అరిచాడు అక్కడి కానిస్టేబుల్. తర్వాత దగ్గరకొచ్చి లేపాడు. "దెబ్బ తాకిందా?"

సంపత్ ముందు కాగితం చూసుకున్నాడు. చిరగలేదు. నోట్లో ఇసుక ఉమ్మేశాడు.

"దెబ్బ సంగతి తర్వాత సార్. ఎత్తు మల్ల కొలువరు గదా?"

"కొలువరు."

"ఐతే తాకనీయుండ్రి," అని, మోకాలు కుంటుకుంటూ జంప్ లైనులో చివరన పోయి నిలబడ్డాడు.