ఏంజెల్ చెప్పిన కచేరి

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు ఈ ఆదివారం పాట వినడానికి ఎక్కడికి పోవాలో నంద్యాలలో కూర్చుని చెప్పడం ఏంజెల్ ఉద్యోగం. వినేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, నెలనెలా జీతం వచ్చే నిఖార్సయిన ఉద్యోగమే. రైల్వే స్టేషన్ దగ్గర మేడమీద ఒక గది, ఒక ల్యాప్‌టాప్, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. ఆమె బెంగళూరు మొహం చూసింది రెండే సార్లు. పాడేవాళ్లు రికార్డింగులు పంపిస్తారు. ఈమె మొదటి నుంచి చివరిదాకా వింటుంది. అంతకుముందు వారం పోయి వచ్చినవాళ్లకు ఫోన్ చేసి ఆరా తీస్తుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక తెలుగు పేజీకి రాస్తుంది.

రాసేటప్పుడు మొహమాటం లేదు. "గొంతు బంగారం, ఆ హాల్లో మైకు దరిద్రం. ముందు వరసలో కూర్చోండి." "కింద చాపల మీద కూర్చోవాలి, నడుంనొప్పి ఉన్నవాళ్లు దిండు తెచ్చుకోండి." "ఈ డ్రమ్ముల కుర్రాళ్లను ఏప్రిల్ ఉక్కపోతలో భరించలేం, వానలు పడ్డాక చూద్దాం." ఇట్లా రాస్తే జనానికి కోపం రావాలి కదా. రాలేదు. ఏంజెల్ చెబితే పోవచ్చు అనే పేరొచ్చింది.

ఆ పేజీ నడిపేది బెంగళూరులో ఉన్న జాహ్నవి. ఆమెకు ఒకటే పట్టుదల: తెలుగు పేజీలో తెలుగే ఉండాలి. కాన్సర్ట్ అనకూడదు, షో అనకూడదు, ప్రోగ్రాం అసలే అనకూడదు. కచేరి అనాలి. రెండేళ్లుగా రాసీ రాసీ ఆ మాట ఏంజెల్ నాలుకకు అతుక్కుపోయింది. కూరగాయల బండి దగ్గర కూడా కచేరి అనే అంటుంది.

ఇదంతా ఆళ్లగడ్డలో ఉండే వాళ్ల నాయన సంజీవయ్యకు పని కింద లెక్క లేదు. ఆయన గవర్నమెంటు పట్టా ఇచ్చిన రెండెకరాలు సేద్యం చేసుకుంటాడు, శనివారం రాత్రిళ్లు చర్చి దగ్గర భజనలో ముందు పాట పాడతాడు. ఎవరైనా కూతురు ఏం చేస్తుందని అడిగితే "కంప్యూటర్లో ఏందో ఆఫీసు పని" అని మాట దాటేస్తాడు. ఒకసారి ఏంజెల్ తను రాసింది చదివి వినిపించింది. ఆయన ఓపిగ్గా విని, "పాట బాగుంటే జనం వాళ్లే పోతారు. మధ్యలో నువ్వు చెప్పేదేంది పాపా?" అన్నాడు. ఏంజెల్ అప్పుడు నవ్వేసింది గానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఈ ఎండాకాలం జాహ్నవి తనే ఒక పార్కులో మే నెల ఆదివారాలు సాయంత్రం పాటలు పెడుతోంది. ఐదు జట్లలో నాలుగు ఖాయమయ్యాయి. చివరి ఆదివారం పాడే ఐదోది ఏంజెల్ ఇష్టమంది. "కానీ రికార్డింగు నమ్మను. గురువారం పదకొండుకు వీడియో కాల్లో నా ముందు పాడించు. ఆ తర్వాత నాకు ఫ్లైటు. నచ్చకపోతే ఇక్కడి గిటార్ పిల్లలకు ఇచ్చేస్తా."

ఏంజెల్ పెద్దగా ఆలోచించలేదు. నాయన భజన జట్టునే అనుకుంది. ఆరుగురు మనుషులు, తాళాలు, మద్దిలేటి వాయించే డోలు. సంజీవయ్య ఒక చరణం ఎత్తుకుంటే, ఆయన చెల్లెలు ప్రసన్నకుమారి దాన్ని పైస్థాయిలో అందుకుంటుంది. రెండేళ్లలో విన్న వందల రికార్డింగుల్లో అట్లాంటి జోడు ఏంజెల్‌కు దొరకలేదు. సొంత నాయన అనే పక్షపాతం లేదా అంటే, ఉంది. ఆ పార్కులో నిలబడి జనాన్ని చూస్తే, తన కూతురు చేసేది పనేనని ఆయనకు అర్థమవుతుందని ఆశ కూడా ఉంది.

నంద్యాల బస్టాండు రొదలో నిలబడి ఫోన్ చేసింది. "నాయనా, గురువారం పొద్దున కచేరి. అందరినీ పిల్చుకోని రెడీగా ఉండు."

"యాడ పాపా?"

"ఆడనే, ఆళ్లగడ్డలోనే. నేనూ వస్తాండా."

"సరేమ్మా" అని సంజీవయ్య పెట్టేశాడు. గొంతు ఎందుకో డల్‌గా ఉందనిపించింది గానీ, ఎండకు అలిసిపోయాడులే అనుకుంది.

గురువారం బస్సు శిరివెళ్ల దాటేసరికే ఎండ మండిపోతోంది. ఆళ్లగడ్డలో దిగి ఇంటికి పోతే తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే మద్దిలేటి డోలు గోడకు వేలాడుతోంది, తాళాలు సంచిలోనే ఉన్నాయి. పక్కింటి రామేశ్వరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది.

"మీ నాయనోళ్లు కచేరికి పోయినారు కదమ్మా. నువ్వే రమ్మన్యావంట."

"కచేరి ఈడనే కదా పెద్దమ్మా, ఇంట్లో."

"ఇంట్లో కచేరేందీ? తాసిల్దారు కూర్చునేది ఇంట్లోనా?"

ఏంజెల్‌కు అప్పుడు తట్టింది. ఆళ్లగడ్డలో నాయన వయసువాళ్లకు కచేరి అంటే ఒకటే, తాసిల్దారు ఆఫీసు. పాటలు పాడేదాన్ని వాళ్లు ప్రోగ్రాం అంటారు. పుట్టి పెరిగిన వీధిలో మాట బెంగళూరువాళ్ల కోసం రాసీ రాసీ మరిచిపోయింది. ఆటో ఎక్కి ఆఫీసుకు పరిగెత్తింది.

ఆరుగురూ వరండాలో వరసగా కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ బట్టలు. ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టా, ఆధారు. కొత్త సర్వే జరుగుతోంది కాబట్టి భూముల సంగతేనని, కంప్యూటర్లో పనిచేసే పిల్లకు ముందే తెలిసిందని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. మద్దిలేటి రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. లోపల గుమాస్తాను అడిగితే, మిమ్మల్ని ఎవరూ పిలవలేదే అన్నాడట. అయినా లేవలేదు.

ఏంజెల్ ఆయాసపడుతూ చెప్పింది. "నాయనా, కచేరి అంటే ఈ కచేరి కాదు. పాటల ప్రోగ్రాం."

ప్రసన్నకుమారే ముందు తేరుకుంది. "ప్రోగ్రాం అని తెలుగులో చెప్పి ఏడ్చింటే ఏమైతాండె నీకు?"

"తప్పయిందత్తా."

"అంటే మా చేన్లు యాడికీ పోవా?" అన్నాడు మద్దిలేటి.

"పోవు చిన్నాయనా."

మద్దిలేటి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ నవ్వారు. అంతలో ఏంజెల్ ఫోన్ మోగింది. జాహ్నవి.

ఇంటికి పోయి డోలు తెచ్చేంత టైము లేదు. గేటు బయట జిరాక్సు షాపు నీడలో అందరినీ నిలబెట్టింది. షాపతన్ని అడిగి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి మద్దిలేటి ముందు పెట్టింది. "దీన్నే డోలనుకో." మద్దిలేటి కుర్చీ వీపు మీద రెండుసార్లు తట్టి చూసి, ఫరవాలేదన్నట్టు తలూపాడు. సంజీవయ్య కవరు చంకలో పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు.

శనివారం రాత్రిళ్లు వాళ్లు బాగా పాడతారు. ఆ పొద్దు పాడింది వేరు. రెండు రోజులు గుండెలో పెట్టుకున్న భయం దిగిపోయిన మనుషుల పాట అది. ప్రసన్నకుమారి పైస్థాయి అందుకునేసరికి అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు వాటిని మడిచి జేబుల్లో పెట్టుకుని చప్పట్లతో తాళం కలిపారు. గుమాస్తా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

పాట అయిపోయాక ఏంజెల్ ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"ఏంజెల్, వీళ్లను చివరి వారం పెట్టను" అంది జాహ్నవి.

గిటార్ పిల్లలకు ఇచ్చేసినట్టే అనుకుంది ఏంజెల్.

"మొదటి ఆదివారమే పెడతా. ఆయన్ని డోలు తెచ్చుకోమను. కుర్చీలు కావాలంటే మా దగ్గర బోలెడున్నాయి."

మద్దిలేటి మళ్లీ నవ్వు మొదలుపెట్టాడు. ప్రసన్నకుమారి అప్పుడే బెంగళూరుకు ఏ చీర కట్టుకోవాలో మాట్లాడుతోంది. ఏంజెల్ మాత్రం నాయనను పక్కకు పిలిచింది. సంతోషం ఒక పక్క, ఆయన్ని ఎంత హడలగొట్టిందో అనే బాధ ఒక పక్క.

"నాయనా, ఆపొద్దు ఎందుకు, ఏమని ఒక్క మాట అడిగింటే ఇంత జరిగేది కాదు కదా. ఎందుకడగలేదు?"

సంజీవయ్య కవరులో పట్టా కాగితం నలగకుండా సర్దుకుంటూ చాలా మామూలుగా చెప్పాడు.

"ఊరుగాని ఊర్లో ఎవురెవురో నువ్వు చెప్తే పోతాండారంట. కన్నోన్ని, నేను అడిగి పోవల్లనా?"